దీనదయాళు గాజుపలక నుండి దిల్‌సుఖ్‌నగరు స్టూడియో వరకు

మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున, సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. ఊరి లెక్కలును, ఈ గ్రంథాలయపు జమాఖర్చులును వ్రాయుచు, తీరిక దొరికినప్పుడు ఇచ్చటి బీరువాలలోని కావ్యములను నిఘంటువు సాయమున చదువుకొన్నవాడను. రాజుల చరిత్రయు, కోటల చరిత్రయు వ్రాయుటకు సమర్థులు వేరే యున్నారు. నేనెన్నుకొన్న విషయము చిన్నది. కాని మనలో ప్రతి ఇంటి గోడమీదను ఉన్నది. మనుష్యుని ముఖమును ఛాయాచిత్రముగా తీయుట, తీసినదానిని దిద్దుట, ఈ రెండు పనుల చరిత్రయే నా విషయము.

రజతోత్సవ సన్నాహములలో భాగముగా ఊరివారి యొద్దనున్న పాత ఛాయాచిత్రములను సేకరించి పఠనమందిరమున బల్లలమీద పరచియుంచితిమి. వాటిలో ఒక పటమును చూచిన రాత్రియే ఈ వ్యాసము వ్రాయ మొదలిడితిని. ఆ పట మేదియో, దానిలో నేను చూచినదేమో చివర మనవి చేసెదను. ముందుగా కథ మొదటినుండి చెప్పుకొనవలెను.

అసలు మనిషి పటము దేనికొఱకు? పోతన భాగవతము దశమస్కంధమునందలి ఉషాపరిణయ కథ పాఠకులలో పెక్కుమంది వినినదే. బాణాసురుని కూతురు ఉష కలలో ఒక రాకుమారుని చూచి, మేలుకొన్న పిదప అతడెవరో ఎరుగక పరితపించును. చెలికత్తె చిత్రరేఖ దేవతలను, గంధర్వులను, భూలోకపు రాజులను వరుసగా పటమున వ్రాసి చూపుచు పోవును. యాదవుల వంతు వచ్చి అనిరుద్ధుని రూపు కనబడగానే ఉష సిగ్గుతో తల వంచుకొనును. ఆ చిత్రరేఖ తన నేర్పు చూపుకొనుటకై అనిరుద్ధుని ముక్కును కొంచెము తీర్చి, రంగును కొంచెము మార్చి వ్రాసినదనుకొందము. ఉష అతనిని గుర్తింపకయే పోవును. కథ అచ్చటనే నిలిచిపోవును. కాబట్టి మనిషి పటమునకు మొదటి ధర్మము పోలిక. అందము దాని తరువాతిది. నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది. మిగిలినది దీనికి సాక్ష్యము.

చిత్రకారుని చేతిలో నుండిన ఈ పోలికను వెలుతురు చేతనే వ్రాయించు విద్య 1839లో లోకమునకు వెల్లడియైనది. ఫ్రాన్సు దేశమున డాగేరు అనువాడు వెండిపూత గల రాగిరేకుమీద ప్రతిబింబమును నిలిపెను. ఆ రేకు ఒక్కటియే. దానికి మారుప్రతి లేదు. ఇంగ్లాండున టాల్‌బట్ కాగితముమీద నెగటివు చేసి, ఒక్క నెగటివునుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చునని చూపెను. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకకు కొలోడియన్ అను జిగురుద్రవమును పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి యారక మునుపే కెమెరాలో నుంచి తీయు పద్ధతిని ప్రకటించెను. మన ఎండలలో ఆ తడి యెంతసేపు నిలుచునో ఊహించుకొనుడు. ఛాయాగ్రాహకుడు ఎక్కడికి పోయినను చీకటిగుడారమును, మందుసీసాలను, గాజుపలకలను బండిమీద వేసికొని పోవలసి వచ్చెడిది. 1871లో మాడెక్స్ అను వైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకను కనిపెట్టిన పిదపనే ఈ అవస్థ క్రమముగా తగ్గెను.

హైదరాబాదు రాజ్యమున ఈ విద్యకు కీర్తి తెచ్చినవాడు రాజా దీనదయాళు. ఈయన 1844లో మీరట్టు సమీపమునందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు నగరమున ప్రభుత్వ నిర్మాణశాఖలో అంచనాలు వేయుచు, నక్షాలు గీయుచు ఉద్యోగము చేసెను. అనగా ఈ మహానుభావుడును మొదట నావలె అంకెలతో పొట్టపోసికొన్నవాడే యని చెప్పుకొనుటకు నాకు కొంచెము గర్వముగా నున్నది. 1880 దశకము నడుమ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. నిజాము ఆయనకు రాజా అనియు, ముసవ్విర్ జంగ్ అనియు బిరుదములొసగెను. ముసవ్విర్ అనగా రూపములను చిత్రించువాడు. 1892లో పరదా పాటించు స్త్రీల కొఱకు హైదరాబాదున జనానా స్టూడియో నొకదానిని తెరచి, దానిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత పర్యవేక్షణమున నుంచెను. 1897లో విక్టోరియా రాణి నుండి రాజ ఛాయాగ్రాహక పత్రమును పొందెను. 1905లో కన్నుమూసెను. ఆయన గాజు నెగటివులు 2,800కు పైగా 1989 నుండి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర బిళ్ళను వెలువరించినది.

ఆ నవాబులును, జాగీర్దారులును, వారి పిల్లలును నూరేండ్లు దాటిన పిదపగూడ మనకు కన్నులకు కట్టినట్లు కనబడుచున్నారనిన, దానికి కారణము తీసినవాని నేర్పు మాత్రమే కాదు. మూలమును, అనగా గాజుపలకను, పారవేయక దాచిన వారి ఓర్పుగూడ కారణము. ఈ మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థన.

ఇక దిద్దుబాటు సంగతి. వెలుతురు తానే వ్రాసిన పటమును మనిషి మరల దిద్దనేల? దీనికి న్యాయమైన కారణ మొకటి యుండెను. తొలినాటి పలకలకు నీలపు వెలుగు మాత్రమే బాగుగా కనబడెడిది. పసుపును, ఎరుపును అవి చూడజాలవు. అందుచేత నీలి ఆకాశము తెల్లకాగితమువలె వచ్చెడిది; పసుపు రాసికొన్న ముత్తైదువ ముఖము మసిబారినట్లు వచ్చెడిది; నొసట కుంకుమబొట్టు కాటుకచుక్క వలె పడెడిది. చర్మముమీది సన్నని ఎర్రదనము, మొటిమ, ఎండదెబ్బ, కంటికి కనబడనివిగూడ పటమున నల్లని మచ్చలై నిలిచెడివి. 1873లో ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పలకలో రంగుమందు కలిపినచో ఆకుపచ్చ, పసుపు కాంతులకును అది స్పందించునని కనుగొనెను. ఎరుపుతో సహా అన్ని రంగులను గ్రహించు పలకలు అంగడికి వచ్చునప్పటికి 1906వ సంవత్సరమైనది. అంతవరకు పలక చేసిన పొరపాటును మనిషి చేయి సవరింపక తప్పలేదు. నాటి దిద్దుబాటు చాలవరకు మోసము కాదు. అన్యాయముగా నల్లబడిన ముఖమునకు చేసిన న్యాయము.

ఆ పనిని చేయు విధము తెలిసికొనదగినది. దిద్దువాని ముందు వాలుగా నుండు చిన్న బల్ల యుండును. దాని నడుమ గరుకుగాజు, క్రింద అద్దము. కిటికీనుండి వచ్చు వెలుతురు అద్దమున పడి, గరుకుగాజు మీదుగా నెగటివు గుండ పైకి వచ్చును. నెగటివుమీద పెన్సిలు ఆనదు గనుక, గుగ్గిలమువంటి జిగురును టర్పెంటైను తైలమున కరగించి, గుడ్డతో పలుచగా రుద్దెదరు. దీనికి మీడియము అని పేరు. పిదప గట్టి పెన్సిలు ముల్లును గరుకుకాగితముపై సూదివలె సాన పట్టి, కన్ను చికిలించి, చుక్కచుక్కగా, చిన్నచిన్న కామాల వలె గీయుదురు. నెగటివులో అంతయు తలక్రిందులు గదా: నల్లది తెలుపై, తెల్లది నలుపై యుండును. ముఖముమీది ముడుత నెగటివులో పలుచని గీతగా కనబడును. ఆ పలుచదనమును పెన్సిలుతో నింపినచో కాగితముమీద ముడుత మాయమగును. ఎక్కడనైన నలుపు కావలసియున్నచో సన్నని చాకుతో నెగటివు పొరను గీకుదురు. కాగితముమీద దుమ్ముచేత పడిన తెల్లచుక్కలను కుంచెతో మూయుదురు. దీనిని స్పాటింగు అందురు. మొత్తమునకు మన స్టూడియోలవారు టచింగు అని పిలుచు పని యిదియే. ముఖమున పెన్సిలు నడిపించునపుడు కండరము పోకను ఎరిగియుండవలెను. ఎరుగనివాడు దిద్దినచో ముఖము పాలిష్ పట్టిన గుమ్మడికాయవలె నగును.

నెగటివును దిద్దుటను లోకమునకు మొదట చాటిచెప్పిన కీర్తిని మ్యూనిక్ నగరపు హాన్ఫ్‌స్టెంగల్ అను ఛాయాగ్రాహకునికి ఇచ్చుట వాడుక. 1855లో పారిస్ నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఆయన ఒకే మనిషి పటమును రెండు విధములుగా, దిద్దక మునుపటిదియు దిద్దిన పిమ్మటిదియు, ప్రక్కప్రక్కన నుంచి చూపెను. జనులు వింతపడి చూచిరి. నాకు ఇందులో వింతగా తోచినది వేరు. ఈ విద్యను చాటినవాడు దిద్దనిదానిని దాచలేదు. దిద్దినదాని ప్రక్కననే పెట్టెను.

ఇక మన ప్రాంతమునకు వచ్చెదము. విజయవాడ రోడ్డు పట్టి పోవు మనకు నగరము ఎల్.బి. నగరు చౌరస్తా యొద్దనే మొదలగును. లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన ఆ ప్రాంతము ఒకప్పుడు వేరు పురపాలకసంఘము. 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. అచ్చటినుండి కొత్తపేట, చైతన్యపురి దాటిన దిల్‌సుఖ్‌నగరు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి సాగుభూమి యగుటచేత దానికి ఆ పేరు వచ్చినదందురు. పొలముగా నుండిన ఆ చోట విద్యాలయములు, శిక్షణకేంద్రములు, హాస్టళ్లు మొలచినవి. నల్లగొండ, ఖమ్మము, మహబూబునగరు జిల్లాల పల్లెలనుండి ట్రంకుపెట్టెతో దిగిన పిల్లలకు అదియే నగరము. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఎల్.బి. నగరు వరకు వచ్చిన పిదప దాని రూపు మరింత మారినది. పాత పండ్ల మార్కెటుగూడ బాటసింగారమునకు తరలినది.

పిల్లలున్నచోట దరఖాస్తులుండును, దరఖాస్తులున్నచోట ఫోటో స్టూడియో లుండును. కాని దరఖాస్తు కొఱకు తీయించుకొను చిన్న పటము వేరు; చదువు ముగించి వీడిపోవునప్పుడు తీయించుకొను పటము వేరు. ఈ రెండవది లోకమంతట ఉన్న ఆచారమే. అమెరికాలో 1860 ప్రాంతముననే జార్జి వారెన్ అను ఛాయాగ్రాహకుడు కళాశాలలను వీడు విద్యార్థుల పటములను ఆల్బములుగా కూర్చెడివాడు. నేడు అచ్చటి ఉన్నత పాఠశాలలలో కడపటి తరగతివారిని ఒక్కొక్కరినే అలంకరించి పటము తీయుట పెద్ద వేడుక. అచ్చట స్థిరపడిన మన తెలుగువారి పిల్లలును దానిని పాటించుచున్నారు. మన పల్లె బడులలో ఒక్కొక్కరికి వేరు పటము తీయించు స్తోమత యెక్కడిది? పదవ తరగతి వీడ్కోలునాడు చెట్టుక్రింద ఒకే గ్రూపు ఫోటో. నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులు, క్రింద చాపమీద ఆడపిల్లలు, వెనుక బెంచీలమీద నిలుచున్న మగపిల్లలు, ముందు పలకమీద సుద్దతో వ్రాసిన సంవత్సరము. కొంతకాలమునకు, పట్టణము చేరి డిగ్రీ ముగించినవారు దిల్‌సుఖ్‌నగరు స్టూడియోలలో అద్దె నల్లగౌను తొడిగికొని, చుట్టిన తెల్లకాగితమునే పట్టాగా పట్టుకొని దిగిరి. స్టూడియో లోపల దువ్వెన, పౌడరు డబ్బా, చిన్న అద్దము, ఎవరికైనను సరిపోవు ఒక కోటు, వెనుక రంగులు వేసిన తెర, రెండు వైపుల గొడుగుదీపములు. ఆ పటము ఊరికి వచ్చి గోడకెక్కిన నాడు తల్లిదండ్రుల ఆనందము ఇంతింతనరాదు.

ఇప్పుడు నా యింటి సంగతి చెప్పవలసియున్నది. మా అక్క 1982లో మన ఊరి బడిలో పదవ తరగతి ముగించినది. మా వంశమున అంతవరకు చదివిన మొదటి ఆడబిడ్డ ఆమెయే. ఆ యేటి గ్రూపు ఫోటోలో ముందు వరుసలో కూర్చున్నది. చిన్ననాట బావిమెట్లమీద జారిపడగా ఆమె నొసట ఎడమకనుబొమ పైన వడ్లగింజంత గాటు పడియుండెను. తల దువ్వునపుడెల్ల అమ్మ ఆ గాటుమీద వ్రేలు రాచెడిది. రెండేండ్లకు అక్క జ్వరముతో పోయినది. ఆమె రూపు మిగిలినది ఆ గ్రూపు ఫోటోలో మాత్రమే, రేగుపండంత ముఖముగా.

1996లో నేను సంపాదనపరుడనైన పిదప, అక్క పటమును పెద్దది చేయించి అమ్మకు ఇయ్యవలెనని తలచి, ఆ గ్రూపు ఫోటోను దిల్‌సుఖ్‌నగరునందలి ఒక స్టూడియోకు కొనిపోయితిని. అతడు దానిని మరల ఫోటో తీసి, ముఖమును మాత్రము వేరుచేసి పెద్దది చేసి, కుంచెతో దిద్ది యిచ్చెదననెను. నేను అన్న మాట నాకు అక్షరాల జ్ఞప్తియున్నది: "మచ్చ లేమియు లేకుండ చక్కగ చెయ్యన్నా." అతడు నేను చెప్పినట్లే చేసెను. రంగును తెలుపు చేసెను, కనుబొమలు తీర్చెను, పెదవులకు నగవు తెచ్చెను, బొట్టు గుండ్రముగా పెట్టెను. చట్రము కట్టించి ఇంటికి తెచ్చితిని. అమ్మ దానిని ఒడిలో పెట్టుకొని చాలసేపు చూచినది. అద్దముమీద వ్రేలితో కనుబొమ పైన తడవి తడవి, "దీని గాటేదిరా?" అన్నది. నేను మాటాడలేదు. కొంతసేపటికి, "ఎవల బిడ్డో గని, సక్కగున్నది" అని పటమును నా చేతికిచ్చి వంటింటిలోనికి పోయినది. పండుగనాడు దానికి దండ వేసెడిది గాని, ఏనాడును దానితో మాటాడలేదు. తండ్రి పటముతో మాటాడెడిది. మా తాత పటముతో మాటాడెడిది.

మూలమునైనను దాచుకొంటినా? అదియు లేదు. తిరిగి వచ్చిన గ్రూపు ఫోటోను నేనే అద్దమునకు ఆనించి చట్రము కట్టితిని. ఒక వానకాలమున గోడ చెమ్మగిల్లి ఫోటో అద్దమునకు అంటుకొన్నది. ఊడదీయగా సరిగా ముందు వరుస పొర లేచిపోయినది. కాపీ తీసిన నెగటివు కొఱకు దిల్‌సుఖ్‌నగరు పోయి చూచితిని. ఆ స్టూడియో ఉండిన చోట బట్టల దుకాణము కనబడెను. దోషము ఆ పనివానిది కాదు. నేను కోరినదానిని అతడు శ్రద్ధగా చేసెను. కోరిక నాది, కాబట్టి దోషమును నాదే.

ముప్పది యేండ్లుగా లెక్కలు వ్రాయువాడను నేను. లెక్కలలో దిద్దుబాటుకు ఒక ధర్మమున్నది. తప్పు అంకె పడినచో దానిని బ్లేడుతో గీకరాదు, తెల్లసిరాతో మూయరాదు. దానిమీద ఒక్క అడ్డగీత గీసి, సరియైన అంకెను పైన వ్రాసి, ప్రక్కన పొడి సంతకము చేయవలెను. క్రింది అంకె చదువుటకు వీలుగా నుండవలెను. గీకిన చోటు కనబడినచో తనిఖీదారు మొత్తము పుస్తకమునే అనుమానించును. ఈ ధర్మమును నిత్యము పాటించు నేనే, అక్క ముఖము విషయమున బ్లేడు పట్టుకొంటిని. అంకెకు ఇచ్చిన గౌరవమును ముఖమునకు ఇయ్యనైతిని.

ఇది ఒక్క నా కథయే యైనచో ఈ సంచికలో వ్రాయను. 1990లో అమెరికాలో ఫోటోషాపు అను కంప్యూటరు సాధనము వెలువడినది. క్రమముగా అది మన వీధులకు వచ్చి, పెన్సిలును, చాకును, మీడియమును మూలకు చేర్చినది. దినమంతయు పట్టు పని నిమిషములకు దిగినది. మచ్చ ప్రక్కనున్న చర్మమునే తెచ్చి మచ్చపై అతుకు ఉపకరణము దానిలో నున్నది. నేడు చేతి ఫోనులు పటము తీయుచుండగనే, మనము అడుగకయే చర్మమును నునుపు చేసి రంగు తేల్చుచున్నవి. కృత్రిమమేధ అనునది చెరిగిన పాతపటమున లేని కన్నును, ముక్కును తానే ఊహించి నింపుచున్నది. ఊహించినదని మనకు చెప్పదు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించునది రంగు సంగతి. పూర్వము పలకలు మన చర్మమును ఉన్నదానికంటె నల్లగా చూపెడివి గనుక తెలుపు చేయుట న్యాయమని పైన వ్రాసితిని. నేటి కెమెరా అన్ని రంగులను చూడగలదు. అయినను వీడ్కోలు పటములందు చామనచాయ పిల్లలందరును ఒక్క తీరున పాలిపోయి వచ్చుచున్నారు. పలక దోషము పోయినది, అలవాటు మిగిలినది. పదునాఱేండ్ల బిడ్డకు తన ముఖము ఉన్నది ఉన్నట్లుగా గోడకెక్కదగదని మనము చెప్పకయే చెప్పుచున్నాము. ఇక దరఖాస్తుల విషయమున పోలిక పోయినచో చిక్కు వేరే యున్నది. పాస్‌పోర్టు పటమున కంప్యూటరు దిద్దుబాటు కూడదని అంతర్జాతీయ నియమము. పరీక్షకేంద్రపు ద్వారము యొద్ద హాల్‌టికెట్టు పటమును, ఎదుటనున్న ముఖమును సరిపోల్చి చూచువాడు చిత్రరేఖ పటమును చూచిన ఉష పనియే చేయుచున్నాడు.

అట్లని దిద్దుటయే తప్పని నేననను. పటము తీసిన దినమున లేచిన మొటిమను తీసివేయుడు. వారమున పోవునది అది. దుమ్ముచుక్కను, గీతను, చిరుగును బాగుచేయుడు. అవి కాగితపు మచ్చలు, మనిషివి కావు. కాని పుట్టుమచ్చ, గాటు, పచ్చబొట్టు, ముసలితనపు ముడుత, మేని రంగు, ఇవి మనిషి స్వంత దస్తూరి. వాటిని చెరపుట సంతకమును చెరపుటయే. ఆ కంప్యూటరులోనే మంచి ఉపాయమొకటి గలదు: మూలపటమును అడుగుపొరగా నుంచి, దిద్దుబాటును వేరు పొరమీద చేయవచ్చును. అడ్డగీత గీసి పైన అంకె వ్రాయుటవంటిదే అది. నిజాయితీ గల స్టూడియోవారు చాలమంది అట్లే చేయుదురు. అడిగి మూలమును తెచ్చుకొనుట మన పని.

భాసుని ప్రతిమానాటకమున ఒక ఘట్టము నన్ను ఎప్పుడును కదిలించును. మేనమామ యింటినుండి తిరిగివచ్చుచున్న భరతుడు అయోధ్య పొలిమేరలో ప్రతిమాగృహమున ప్రవేశించును. అందు దిలీపుడు, రఘువు, అజుడు, పిదప నాల్గవ ప్రతిమ. బ్రతికియున్నవారి ప్రతిమలుగూడ ఇచ్చట నిలుపుదురా యని అడుగగా, లేదు, గతించినవారివే యని అచ్చటివాడు చెప్పును. తండ్రి మరణవార్త భరతునికి ఎవరును నోటితో చెప్పకమునుపే ఆ ప్రతిమ చెప్పినది. ఆ శిల్పి దశరథుని ముఖమును మార్చి చెక్కియుండినచో భరతుడు ఎవరో రాజనుకొని నమస్కరించి దాటిపోయెడివాడు.

మన గ్రంథాలయము ఈ ఊరికి అట్టి ప్రతిమాగృహము కావలెనని నా కోరిక. అయితే గతించినవారికే కాదు, ఉన్నవారికిని. కార్యవర్గమువారికి ఈ క్రింది మనవులు చేయుచున్నాను. ప్రతి సంవత్సరము పదవ తరగతి వీడ్కోలు పటము ఒక ప్రతి, దిద్దనిది, గ్రంథాలయమునకు చేరవలెను. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో వరుస క్రమమున పేర్లు, సంవత్సరము వ్రాయవలెను. బాల్‌పెన్ను నొక్కు ముందువైపునకు తేలును గనుక అది పనికిరాదు. జిగురుతో అంటింపక మూలలను పట్టియుంచు కాగితపు సంచులలో ఆల్బమునందు నిలుపవలెను. అద్దమునకు పటము ఆనకుండ నడుమ అట్ట యుంచి చట్రము కట్టవలెను, చెమ్మగోడకు వ్రేలాడదీయరాదు. పాతపటములను కంప్యూటరులో ప్రతి తీయించి, దిద్దినదియు దిద్దనిదియు రెండును దాచి, ఏది యేదియో వ్రాసియుంచవలెను. దీనికగు వ్యయమును నేను లెక్కకట్టి చూచితిని. మన సంవత్సరపు చందాలు మించదు.

ఇక మొదట చెప్పిన పటము మాట. బల్లలమీద పటములు పరచిన నాటి సాయంత్రము, అక్కతోడ చదివిన ఒక సోదరి పాతచీర ముక్కలో చుట్టి ఒక గ్రూపు ఫోటో తెచ్చియిచ్చెను. ముందు పలకమీద 1982 అని సుద్దవ్రాత. అంచులు పసుపుబారినవి గాని ముఖములు చెడలేదు. జమాఖర్చు పుస్తకములలో సన్నని అంకెలు చూచు భూతద్దమును తెచ్చి ముందు వరుసపై పెట్టి చూచితిని. ఎడమకనుబొమ పైన వడ్లగింజంత తెల్లని గీత యున్నది.

చూపుటకు అమ్మ లేదు. నాలుగేండ్ల క్రిందట కాలముచేసినది. ఆ సోదరి అనుమతితో ఆ పటమునకు ప్రతి తీయించి, ఏమియు దిద్దవలదని రెండు మారులు చెప్పి, అక్క ముఖమును పెద్దది చేయించితిని. గింజగింజగా, మసకగా వచ్చినది. దానిని 1996 నాటి పటము ప్రక్కననే గోడకు కట్టితిని. పాతదానిని తీసివేయలేదు. తప్పు అంకె క్రింద కనబడుచుండవలెను గదా. మా మనుమరాలు రెండింటిని చూచి, "తాతా, ఇద్దరిలో అత్తమ్మ ఎవరు?" అని అడిగినది. నేను గాటును చూపితిని.